ముందురోజు సాయంత్రం

ఆపరేషన్ థియేటర్‌లో గది మొత్తాన్ని చూసే అవకాశం దొరికేది మత్తు డాక్టరుకే. సర్జన్ చూపు కోత మీద ఉంటుంది. స్క్రబ్ సిస్టర్ చూపు ట్రాలీ మీద ఉంటుంది. పేషెంటు తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే మాకు మానిటర్‌తో పాటు గదిలో జరిగేదంతా కంటపడుతుంది. ఎవరు దేనికోసం వెతుకుతున్నారో, ఎవరికోసం ఎవరు ఎదురుచూస్తున్నారో, ఏ ప్యాకెట్టు విప్పి వాడకుండానే బకెట్లో పడేశారో అన్నీ తెలుస్తాయి. ఇన్నేళ్లు అక్కడ కూర్చుని చూశాక నాకు ఒక విషయం బాగా అర్థమైంది. థియేటర్‌లో కాలమూ డబ్బూ పోయేది ఆపరేషన్ జరుగుతున్నప్పుడు కాదు. కత్తి చర్మాన్ని తాకకముందే చాలామటుకు పోతున్నాయి.

అందుకే చేతివేగం పెంచమని నేను ఏ సర్జన్‌కీ చెప్పను. గంట పట్టే పనిని నలభై నిమిషాల్లో ముగించాలని తొందరపడితే నష్టపోయేది బల్ల మీద ఉన్న మనిషి. కానీ ఆ గంట పనికి ముందు రెండు గంటలు ఊరికే గడిచిపోతుంటే, దాన్ని సరిచేయడానికి ఎవరూ వేగంగా కదలాల్సిన పని లేదు. ముందుగా ఆలోచిస్తే చాలు.

చాలా ఏళ్ల కిందటి సంగతి. జిల్లా కేంద్రంలో ఒక ఆస్పత్రి. డెబ్బై ఏళ్ల రైతు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్‌కి వచ్చాడు. లిస్టులో ఆయనది రెండో పేరు. రాత్రి పదింటికి వార్డు సిస్టర్ వచ్చి, "తాతా, ఇక ఏమీ తినొద్దు, తాగొద్దు" అని చెప్పి వెళ్లింది. పొద్దున ఎనిమిదింటికి మొదలవాల్సిన మొదటి కేసు తొమ్మిదీ నలభైకి మొదలైంది. ఆ పేషెంటు ఈసీజీ కాగితం వేరే ఫైల్లో చిక్కుకుంది. అది దొరికాక చూస్తే బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం రాలేదు. రక్తం వచ్చేలోగా సర్జన్ ఓపీ చూసొస్తానని కిందికి వెళ్లాడు. ఆయన్ని మళ్లీ పైకి రప్పించడానికి ఇంకో ఇరవై నిమిషాలు. తాత వంతు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తీరా చూస్తే కావలసిన సైజు మెష్ థియేటర్‌లో లేదు. స్టోర్‌లో ఉంది గానీ, తాళం ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడు. మెష్ చేతికొచ్చేసరికి రెండున్నర. సరిగ్గా అప్పుడే అత్యవసరంగా సిజేరియన్ కేసు వచ్చింది. దాన్ని ఆపడం కుదరదు, ఆపకూడదు కూడా. నాలుగింటికి తాతకి ఆపరేషన్ రేపటికి వాయిదా పడిందని చెప్పాం.

ఆయన కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని, "బాబూ, ఇప్పుడు గుక్కెడు నీళ్లన్నా తాగొచ్చా?" అని అడిగాడు. పద్దెనిమిది గంటలుగా ఆయన గొంతులో చుక్క నీరు దిగలేదు. గ్లాసు తెచ్చి ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగాడు. ఆ చేతుల వణుకు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు ఆ థియేటర్‌లో సోమరిగా కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు. వార్డ్‌బాయ్ నుంచి సర్జన్ దాకా అందరివీ ఉరుకులు పరుగులే. సాయంత్రానికి అందరం అలసిపోయాం. కానీ రోజంతా కష్టపడి మేం చేసింది రెండే రెండు ఆపరేషన్లు. పాఠకులు ఈ అధ్యాయంలో మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మనుషులు తీరిక లేకుండా ఉన్నంత మాత్రాన పని జరుగుతోందని అనుకోకండి.

ఇప్పుడు ఆ రోజు జరిగిన ఆలస్యాలను ఒక్కసారి వరసగా చూడండి. ఈసీజీ కాగితం, రక్తం, మెష్ సైజు, స్టోర్ తాళం. వీటిలో ఏ ఒక్కటీ ఆ రోజు పొద్దున పుట్టిన సమస్య కాదు. ముందురోజు సాయంత్రం ఐదింటికి ఎవరైనా అడిగి ఉంటే అప్పుడే తెలిసేవి. తెలిస్తే సరిచేసుకోవడానికి రాత్రంతా ఉంది.

కాబట్టి మొదటి అలవాటు ఇది. రోజూ సాయంత్రం ఐదింటికి థియేటర్ ఇన్‌చార్జ్ సిస్టర్, మత్తు విభాగం నుంచి ఒకరు, వార్డు సిస్టర్ కలిసి రేపటి లిస్టులోని ప్రతి మంచం దగ్గరికీ వెళ్లాలి. ఫోన్లో అడిగితే కుదరదు. ఫోన్లో "అన్నీ రెడీ మేడమ్" అనే జవాబే వస్తుంది. మంచం దగ్గర నిలబడి ఫైలు చేతిలోకి తీసుకుంటేనే నిజం బయటపడుతుంది. అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు. మత్తుకి ఫిట్‌నెస్ రాశారా, ఆ పరీక్షల కాగితాలన్నీ ఈ ఫైల్లోనే ఉన్నాయా? రక్తం గానీ, మెష్, ప్లేటు, లెన్స్ లాంటివి గానీ కావాలంటే అవి ఇప్పుడు ఎక్కడున్నాయి? పేషెంటుకి విషయం వివరించి సంతకం తీసుకున్నారా, ఏ వైపు ఆపరేషనో గుర్తు పెట్టారా? ఎప్పటినుంచి తినకూడదో, నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో చెప్పారా?

ఈ నాలుగో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. మామూలు పేషెంటు విషయంలో మత్తుకి ముందు తేలికపాటి తిండికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు విరామం ఉంటే చాలు. చాలా దేశాల మత్తు వైద్య సంఘాలు ఒప్పుకున్న లెక్క ఇది. గర్భిణులు, పేగు అడ్డుపడినవాళ్లు, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యే షుగర్ పేషెంట్లు లాంటివాళ్ల సంగతి వేరు, వాళ్ల విషయంలో డాక్టరు చెప్పిందే వినాలి. మిగతా అందరికీ "రాత్రి పదింటి నుంచి ఏమీ వద్దు" అని గంపగుత్తగా చెప్పడం మన సౌకర్యం కోసమే తప్ప వాళ్ల క్షేమం కోసం కాదు. లిస్టులో నాలుగో పేరున్న మనిషి మధ్యాహ్నం దాకా బల్ల ఎక్కడు. పొద్దున్నే ఆయనకో గ్లాసు నీళ్లు తాగొచ్చని చెప్పడానికి మనకు ఖర్చయ్యేది అర నిమిషం. లిస్టు ఆలస్యమవుతోందని తెలిసిన మరుక్షణం వార్డుకి కబురు పంపి, ఆ విరామాన్ని మళ్లీ లెక్కగట్టి చెప్పడం థియేటర్ బాధ్యత.

రెండో అలవాటు టైము రాసుకోవడం. ప్రతి కేసుకీ ఒక కాగితం మీద ఐదు సమయాలు రాయండి: పేషెంటు థియేటర్‌లోకి వచ్చింది ఎప్పుడు, మత్తు పూర్తయింది ఎప్పుడు, కోత పడింది ఎప్పుడు, డ్రెస్సింగ్ అయింది ఎప్పుడు, పేషెంటు బయటికి వెళ్లింది ఎప్పుడు. ఆలస్యమైతే కారణం ఒక్క మాటలో రాయండి. తాళం, రక్తం, సెట్టు, లిఫ్టు. మనుషుల పేర్లు మాత్రం రాయొద్దు. పేర్లు రాయడం మొదలుపెడితే రెండో రోజు నుంచి ఆ కాగితం అబద్ధాలు చెబుతుంది. రెండు వారాలు రాశాక అన్నీ వరసగా పెట్టి చూడండి. పది కారణాలు ఉంటాయనుకుంటే, ఎక్కువ ఆలస్యాలకు రెండు మూడు కారణాలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ముందు వాటిని పట్టుకోండి.

ఒక కేసుకీ మరో కేసుకీ మధ్య గడిచే సమయం గురించి కూడా ఒక మాట. చాలాచోట్ల పేషెంటు బయటికి వెళ్లాక, గది తుడిచాక అప్పుడు వార్డుకి ఫోన్ చేస్తారు. వార్డులో అప్పుడు గౌను మారుస్తారు, స్ట్రెచర్ వెతుకుతారు. ఇక్కడ థియేటర్ సిద్ధం చేసుకుని అందరూ గోడకి ఆనుకుని నిలబడతారు. సర్జన్ చర్మం కుట్లు మొదలుపెట్టగానే ఫోన్ చేస్తే ఈ రెండు పనులూ పక్కపక్కనే జరిగిపోతాయి. ఇంతకంటే సులువైన మార్పు నేను చూడలేదు.

పేషెంటు బల్ల మీదికి వచ్చాక కూడా కాలం ఎక్కువగా పోయేది వెతుకులాటలోనే. ఈ సంగతి నూరేళ్ల కిందటే ఒకాయన గమనించాడు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే అమెరికన్. డాక్టరు కాదు, తాపీమేస్త్రీగా జీవితం మొదలుపెట్టినవాడు. ఇటుక పేర్చడంలో 18 కదలికలు ఉంటే వాటిని 5కి తగ్గించి చూపించాడు. 1910ల్లో సినిమా కెమెరా పట్టుకుని ఆపరేషన్ థియేటర్లలోకి వెళ్లాడు. సర్జన్లు కోసే పనికన్నా పరికరాల కోసం వెతుక్కోవడంలోనే ఎక్కువ సేపు గడుపుతున్నారని తేల్చాడు. సర్జన్ పేరు చెప్పి చెయ్యి చాపితే నర్సు ఆ పరికరాన్ని అరచేతిలో పెట్టాలని అప్పట్లో గట్టిగా వాదించింది ఆయనే. ఇవాళ మనం సినిమాల్లో కూడా చూసే ఆ దృశ్యం వెనక ఒక తాపీమేస్త్రీ ఆలోచన ఉందంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. చేతిపని తెలిసినవాడికే చేతిపనిలో వృథా కనిపిస్తుంది.

ఆయన చూసిన వెతుకులాట ఇప్పుడు ట్రేలలోకి మారింది. షికాగోలో ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో నాలుగు విభాగాల ట్రేలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ట్రేలో పెట్టిన పరికరాల్లో నిజంగా వాడినవి విభాగాన్ని బట్టి 13 నుంచి 22 శాతం. మిగిలినవన్నీ కడిగి, ఆరబెట్టి, లెక్కపెట్టి, చుట్టి, ఆటోక్లేవ్‌లో పెట్టి, తెచ్చి, మళ్లీ లెక్కపెట్టి, వాడకుండానే మళ్లీ కడగడానికి పంపినవే. మన దగ్గరా అంతే. ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిన ఒక సర్జన్ అడిగిన ఫోర్‌సెప్స్ ఆయన రిటైరయ్యాక కూడా సెట్టులో మిగిలిపోతాయి. తీసేసే ధైర్యం ఎవరూ చెయ్యరు. పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగంలో (సీఎస్‌ఎస్‌డీ) పనిచేసేవాళ్ల నడుము నొప్పి వెనక ఇలాంటి ఇనుము చాలా ఉంది. హెర్నియా సెట్టు ఒకటి తీసుకోండి. ఇరవై ఆపరేషన్లు జరిగేదాకా, ఒక్కో కేసులో చేతికి తీసుకున్న పరికరాలకు టిక్కు పెట్టండి. ఒక్కసారీ టిక్కు పడనివాటిని సర్జన్‌కి చూపించి, ఆయన ఒప్పుకుంటే సెట్టు నుంచి తీసి విడిగా ప్యాక్ చేసి అల్మరాలో ఉంచండి. రక్తస్రావం ఆపే పరికరాలను మాత్రం ఈ లెక్కతో తీసేయొద్దు. అవి వాడకపోవడం మన అదృష్టమే గానీ, వాటి అవసరం లేదని కాదు.

ఇక సామాను సంగతి. పొద్దున కేసు మొదలయ్యే ముందు ఒక్కసారి ట్రాలీ దగ్గర నిలబడి చెవులతో వినండి. చర్రుమని ప్యాకెట్లు చించే చప్పుడు. దారాలు నాలుగు, గ్లోవ్స్ ఐదు జతలు, బ్లేడ్లు మూడు, డ్రెయిన్ ట్యూబు, కాటరీ పెన్సిలు. "సార్ అడుగుతారేమో" అని సిస్టర్ ముందే విప్పి పెడుతుంది. ఆమెను తప్పుపట్టలేం. అడిగినప్పుడు ఆలస్యమైతే తిట్లు పడేది ఆమెకే. కానీ స్టెరైల్ ప్యాకెట్టు ఒకసారి విప్పాక మళ్లీ మూసి అల్మరాలో పెట్టుకునేది కాదు. సర్జన్ ఆ రోజు డ్రెయిన్ వద్దనుకుంటే అది నేరుగా చెత్తలోకే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆస్పత్రి డాక్టర్లు 58 న్యూరోసర్జరీ కేసుల్లో ఇలా విప్పి వాడనివాటి విలువ లెక్కగట్టారు. సగటున ఒక్కో కేసుకి 653 డాలర్లని తేలింది, సామాను ఖర్చులో సుమారు 13 శాతం. మన ధరలు వేరు, నిజమే. కానీ ఆరోగ్యశ్రీ ప్యాకేజీ మొత్తంలోనే మత్తు, మందులు, సామాను, భోజనం అన్నీ సర్దుకోవాల్సిన మన ఆస్పత్రులకు ఆ పదమూడు శాతం చిన్నది కాదు. సొంత డబ్బు కట్టే పేషెంటుకైతే అది నేరుగా బిల్లులోకి ఎక్కుతుంది. ఆయన అప్పుచేసి తెచ్చిన డబ్బుతో కొన్న దారం ఒక్క కుట్టూ వేయకుండా బకెట్లో పడుతోంది.

దీనికి విరుగుడు రెండు పనుల్లో ఉంది. మొదటిది, ఒక్కో సర్జన్‌కీ ఒక్కో ఆపరేషన్‌కీ ఒక కార్డు. దాన్ని రెండు భాగాలుగా రాయండి. ఎడమవైపు "విప్పి ఉంచాలి", కుడివైపు "చేతికి అందేలా ఉంచాలి, అడిగితేనే విప్పాలి". కుడివైపు సామాను ట్రాలీ కింది అరలో కవర్లతోనే ఉంటుంది. అడిగాక విప్పడానికి పది సెకన్లు. ఆ పది సెకన్లు ఓపిక పట్టడానికి సర్జన్ ముందే ఒప్పుకోవాలి, కార్డు మీద సంతకం చేయాలి. ఆయన సంతకం ఉంటేనే సిస్టర్‌కి ధైర్యం. రెండోది, థియేటర్ మూలలో ఒక ప్లాస్టిక్ తొట్టి. విప్పి వాడనివన్నీ రెండు వారాల పాటు, రక్తం అంటనివి మాత్రమే, అందులో వేయండి. సాయంత్రం స్టోర్ ధరల పట్టిక పక్కన పెట్టుకుని కూడిక వేయండి. ఆ తొట్టిని నేను మొదటిసారి సర్జన్ల సమావేశంలో బల్ల మీద పెట్టినప్పుడు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు. ఒక సీనియర్ సర్జన్ అందులోంచి మెష్ కవరు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా కేసే" అన్నారు. అంతే. మరుసటి వారం నుంచి మెష్ ఆయన కొలిచి సైజు చెప్పాకే విప్పడం మొదలైంది.

పొదుపు అనగానే నాణ్యత తగ్గుతుందని భయపడేవాళ్లు మదురై వైపు చూడాలి. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై, 58 ఏళ్ల వయసులో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టారు. కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లతోనే వేలమందికి కంటి ఆపరేషన్లు చేసిన మనిషి ఆయన. అక్కడి థియేటర్‌లో సర్జన్‌కి రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద ఆపరేషన్ జరుగుతుంటే పక్క బల్ల మీద తర్వాతి పేషెంటును సిద్ధం చేస్తారు. మొదటిది ముగియగానే సర్జన్ మైక్రోస్కోపు అటు తిరుగుతుంది. ఈ ఏర్పాటును నడిపించేది పల్లెల నుంచి వచ్చి రెండేళ్ల శిక్షణ పొందిన ఆడపిల్లలు. డాక్టరే చేయాల్సిన పని తప్ప మిగతాదంతా వాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. విదేశీ లెన్సులు పేదలకు అందడం లేదని 1992లో ఆరోలాబ్ పెట్టి సొంతంగా తయారుచేసుకున్నారు. 2017లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం అక్కడ ఒక్క శుక్లాల ఆపరేషన్‌కి వెలువడే కర్బన ఉద్గారాలు సుమారు 6 కిలోలు. బ్రిటన్‌లో ఇదే ఆపరేషన్‌కి లెక్కగట్టినదాంట్లో అది దాదాపు 20వ వంతు. ఇన్‌ఫెక్షన్ల విషయంలో మాత్రం ఆ ఆస్పత్రి సంపన్న దేశాలకు ఏమాత్రం తీసిపోదు. తిరుపతిలోనూ వాళ్ల ఆస్పత్రి ఉంది. మన తెలుగు థియేటర్ సిబ్బంది వెళ్లి చూసి రావడానికి దూరాభారం కూడా కాదు. అయితే కంటి ఆపరేషన్ పద్ధతిని పొట్ట ఆపరేషన్‌కి ఉన్నదున్నట్టు కాపీ కొట్టలేం. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది బల్లల సంఖ్య కాదు, సర్జన్‌కోసం అందరూ ఆగడం కాకుండా పని తనంతట తాను ముందుకు నడిచే ఏర్పాటు.

మా మత్తు విభాగం కూడా ఈ లెక్క నుంచి తప్పించుకోలేదు. ట్యూబు వేశాక కూడా గ్యాసు ఆరు లీటర్ల మీదే వదిలేయడం చాలామందికి అలవాటు. సర్క్యూట్ సరిగా ఉండి, సోడాలైమ్ మంచిగా ఉండి, గ్యాసు మానిటర్ ఉంటే ఒక లీటరుకో అంతకన్నా తక్కువకో దించొచ్చు. సీసా ఎక్కువ రోజులు వస్తుంది, గాలిలోకి పోయేది తగ్గుతుంది. మత్తు వాయువుల్లో డెస్‌ఫ్లురేన్ వాతావరణాన్ని వేడెక్కించే శక్తి నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 2,500 రెట్లు. స్కాట్లండ్ 2023లోనే దాన్ని మానేసింది. తప్పనిసరి కారణం లేకుండా దాన్ని వాడొద్దని తోటి మత్తు డాక్టర్లకు నా విన్నపం.

చెత్తబుట్టల రంగుల గురించి 2016 నిబంధనలు అందరి గోడల మీదా అంటించే ఉన్నాయి. రక్తం అంటిన దూది, గాజ్ గుడ్డ పసుపులోకి, గ్లోవ్స్, ట్యూబులు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి. పొరపాటు ఎక్కువగా జరిగేది పేషెంటు రాకముందు. అట్టపెట్టెలు, గ్లోవ్స్ కాగితాలు, దారాల పైకవర్లు కూడా పసుపు సంచిలో పడిపోతాయి. కాల్చనక్కర్లేనిది కాల్చాల్సి వస్తుంది. పేషెంటు లోపలికి వచ్చేదాకా పసుపు సంచి మూత తెరవకపోతే సగం సమస్య తీరుతుంది.

తగ్గించకూడనివీ ఉన్నాయి. మాప్‌ల లెక్క ఎంత ఆలస్యమైనా వదలకూడదు. కోతకు ముందు అందరూ ఒక్క నిమిషం ఆగి పేషెంటు పేరు, ఆపరేషన్, వైపు పైకి చెప్పుకోవడాన్ని టైము దండగ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఈ చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ప్రధాన సమస్యలు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. పైగా "సక్షన్ పనిచేస్తోందా, రక్తం వచ్చిందా" అని ఆ నిమిషంలో అడిగితే, మధ్యలో పరుగెత్తాల్సిన పది నిమిషాలు మిగులుతాయి.

ఈ పనులన్నీ ఎవరు మొదలుపెట్టాలి అన్నది చివరి ప్రశ్న. సూపరింటెండెంట్ ఆర్డరు కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. మీరు సర్జన్ అయితే కార్డు మీద సంతకం చేయండి, ఎనిమిదింటి కేసుకి ఎనిమిదింటికి రండి. స్క్రబ్ సిస్టర్ అయితే "సార్, ఇది ఇప్పుడే విప్పమంటారా?" అని గౌరవంగా అడగండి, రోజూ అడగండి. మత్తు డాక్టర్ అయితే ఐదింటికి బయల్దేరండి. రేపటి లిస్టు ఇప్పటికే నోటీసు బోర్డు మీద ఉండుంటుంది. ఇవాళ సాయంత్రమే వార్డుకి వెళ్లి, మొదటి పేరున్న మంచం దగ్గర నిలబడి, ఫైలు చేతిలోకి తీసుకుని ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. చివరి పేరున్న మంచం దగ్గరికి కూడా వెళ్లి, పొద్దున ఎన్నింటిదాకా నీళ్లు తాగొచ్చో ఆ పెద్దాయనకు మీ నోటితో చెప్పిరండి.